చీపురుపుల్ల కొలత

అక్టోబరు 5, ఆదివారం

ఆరాధన అయ్యాక రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. కెజియా చేతికర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. తుంటి ఆపరేషన్ తర్వాత చెల్లెలు ఇంత తొందరగా లేస్తుందని నేననుకోలేదు. స్తోత్రం.

అయితే వీధి గుమ్మం మాత్రం దాటలేదు. ఆటో ఎక్కాలంటే వంగాలి, రైలెక్కాలంటే కాలు ఎత్తాలి. రెండూ కూడదన్నారు. కూర్చున్నప్పుడు తుంటి మోకాలికంటే కిందికి దిగకూడదని ఫిజియోథెరపీ అమ్మాయి నాకు రెండుసార్లు చెప్పింది. దిగితే కొత్తగా వేసిన కీలు జారిపోవచ్చట.

"అందరూ వస్తున్నారు, చూస్తున్నారు, పళ్ళు పెట్టి పోతున్నారు. నేనేమన్నా మ్యూజియమా పెద్దక్కా?" అంది కెజియా.

కైకలూరు దగ్గర మా ఊరి చర్చిలో కోత పండుగ డిసెంబరు 7న. ఆరాధన తర్వాత కానుకగా వచ్చిన కొత్త బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు చర్చి ముందు వేలం వేస్తారు. ఆ వేలం నడిపేది ఎప్పుడూ కెజియానే. ఈ ఏడు బాలస్వామిగారికి అప్పగిద్దామని సంఘపెద్దలు అనుకుంటున్నారట. ఆ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"బాలస్వామిగారా? ఆయన గొంతు వింటే గుమ్మడికాయ సిగ్గుపడి తన ధర తనే తగ్గించుకుంటుంది."

నవ్వింది. తర్వాత గోడవైపు తిరిగింది. టీ తాగలేదు.

తిరుగు రైల్లో నిశ్చయించుకున్నాను. కారు కొంటాను. కోత పండుగకి కెజియాని తీసుకెళ్తాను. హాస్టలు వార్డెన్‌గా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఊరికే ఉంది.

అక్టోబరు 6

ప్రార్థనలో పెట్టాను. ఏ కారైనా సరే, దేవుని చిత్తం. రంగు పట్టింపు నాకు అసలే లేదు.

అక్టోబరు 7

తమ్ముడికి చెప్పాను. బాబీ సాయంత్రానికల్లా ఫోను ఛార్జరుతో సహా వచ్చేశాడు.

"పెద్దక్కా, కారు కొనడమంటే చీర కొనడం కాదు. అన్నీ తెలుసుకుని కొనాలి."

"చీర కొనేటప్పుడు కూడా మడత విప్పి చూస్తాం నాన్నా."

వాడు వినలేదు. టార్క్ అన్నాడు, ఎయిర్‌బ్యాగులన్నాడు, గ్రౌండ్ క్లియరెన్స్ అన్నాడు. పాటలకి ఎన్ని స్పీకర్లుండాలో చెప్పాడు. పెద్ద కారు, ఎత్తు కారు, నల్లది తీసుకోమన్నాడు. పెళ్ళిళ్ళకి వెళ్తే గౌరవంగా ఉంటుందట.

"ఎవరి పెళ్ళికిరా?"

"ఎవరిదైనా."

వాడికి కారు కావాలి. ఆ సంగతి ఇక్కడ రాయను. నాకు కోపం రాలేదు.

అక్టోబరు 10

తాడేపల్లిగూడెం వెళ్ళి కెజియా కూర్చునే కుర్చీ కొలిచాను. ఇంట్లో టేపు కనబడలేదు. కొత్త కొబ్బరి చీపురులోంచి లావుపాటి పుల్ల తీసి, నేలమీద నిలబెట్టి, కుర్చీ సీటు దగ్గరకి విరిచాను. కారు సీటు నేలనుంచి ఈ పుల్లంత ఎత్తుండాలి. తక్కువైతే కీలుకి ముప్పు. అందులో ఇంకో మాట లేదు.

"పుల్లతో కారు కొంటావా పెద్దక్కా? మిగతా చీపురు కూడా తీసుకెళ్ళు, డిక్కీ ఊడవచ్చు" అంది కెజియా.

అక్టోబరు 11, శనివారం

మా ఏలూరులోనే షోరూముకి బాబీతో వెళ్ళాను. టై కట్టుకున్న అబ్బాయి ఎంతో మర్యాదగా చూపించాడు.

"పైకప్పు తెరుచుకుంటుందండీ మేడమ్."

"వర్షం వస్తే?"

"మూసుకుంటుందండీ."

"అయితే మూసే ఉంచండి బాబూ."

నేను చేతిసంచిలోంచి పుల్ల తీసి ఒక్కో కారు తలుపు దగ్గర నిలబెట్టి చూస్తుంటే ఆ అబ్బాయి ఇంకో అబ్బాయిని పిలుచుకొచ్చాడు. దిష్టి తీస్తున్నాననుకున్నారు కాబోలు. ఒకటి పొట్టి, ఒకటి మరీ ఎత్తు. బాబీ నల్లకారు అయితే నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

చివర ఒక చిన్న కారు. పొట్టిగా, నిటారుగా, పెద్దమ్మాయిలా నిలబడి ఉంది. పుల్ల పెడితే అంగుళం అటూ ఇటూ లేదు. అచ్చంగా సరిపోయింది.

కొత్తది. నా స్తోమతుకి మించింది. వచ్చేశాం.

ఎర్రగా ఉంది.

అక్టోబరు 12

ఎరుపు ఎండకి త్వరగా వెలుస్తుందని బాబీ. వెలిస్తే వెలుస్తుంది, నాకెందుకు? నేనేమన్నా అడిగానా?

అక్టోబరు 18, శనివారం

బస్సులో కైకలూరు వెళ్ళాం. ఐసు ఫ్యాక్టరీ పక్క ఖాళీస్థలంలో ఏసుకుమార్ పాత కార్లు అమ్ముతాడు. మా సంఘంవాడే. క్రిస్మస్‌కి గొర్రెల కాపరి వేషం ఎప్పుడూ అతనిదే.

"వందనాలండీ అక్కగారూ. మీరు వస్తారని తెలిసి ఒకటి పక్కన పెట్టానండీ. డాక్టరుగారి కారండీ. ఆదివారం చర్చికి తప్ప బయటికి తీసేవారు కాదండీ."

అదే కారు. షోరూములో చూసిన రకమే, మూడేళ్ళది. రంగు కూడా అదే. నేను అడగలేదు.

తలుపు తీయగానే ఒక వాసన తగిలింది. అద్దం దగ్గర మల్లెపూల సెంటు వేలాడుతోంది కానీ ఇది దాని అడుగునుంచి వచ్చింది. వానవెలిశాక చెరువుగట్టు మీద నడిచినట్టు. అమ్మ తడి చీరకొంగుతో నా తల తుడిచినట్టు. ఎన్నాళ్ళయింది! కళ్ళు చెమర్చాయి. కొల్లేటి గాలి పీల్చి పెరిగినదాన్ని, నాకు తెలుసు. ఇది మనింటి వాసన.

ప్రభువా, నీ చిత్తమైతే గుర్తు చూపించు అని మనసులో అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి బానెట్ మీద తెల్లకొంగ వచ్చి వాలింది. పక్కన ఇన్ని కార్లున్నాయి, దాని మీదే. కారు కింద రెండు పిల్లులు పడుకుని ఉన్నాయి, ఎంత నెమ్మదిగానో.

పుల్ల నిలబెట్టాను. సీటు కంటే వేలెడు పైకి వచ్చింది.

ఆలోచించాను. షోరూములో ఇదే రకం కారుకి సరిపోయింది. కాబట్టి తప్పు కారుది కాదు. పుల్లదే. చివర కొంచెం చీలినట్టు కూడా ఉంది. ఆ చీలిన వేలెడు ముక్క విరిచి చూశాను.

సరిపోయింది. స్తోత్రం.

ముక్క పారేయడానికి చోటు కనబడక పాటల పుస్తకంలో పెట్టుకున్నాను.

అక్టోబరు 19

కెజియాకి ఫోను చేశాను. కారు దొరికినట్టే అన్నాను. "పుల్ల ఏమంది?" అంది. "సరిపోయింది" అన్నాను. అబద్ధం కాదు.

అక్టోబరు 24

డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఎల్ఎల్ఆర్ వచ్చింది. ఫోటోలో నేను ఎవరినో క్షమిస్తున్నట్టు ఉన్నాను.

నేర్పేది నఫీసా అని మా పేటలో అమ్మాయే, ముప్పై దాటి ఉంటాయి. తెల్లకారు, నలుమూలలా సొట్టలు, ముందూ వెనకా ఎల్ బోర్డు. ఆమె సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది. నేను ఎక్కడ చూస్తున్నానో అని నా మొహం చూస్తుంది, రోడ్డు చూడదు.

అక్టోబరు 27

పెదపాడు రోడ్డులో ఎదురుగా గేదెలు.

"హారన్ కొట్టండమ్మా."

"పాపం, అవే తప్పుకుంటాయిలేమ్మా."

తప్పుకోలేదు. నఫీసా బ్రేకు వేసింది.

"అమ్మా, మీరు ప్రార్థన చేసుకోండి, నేను వద్దనను. కానీ కళ్ళు మూసుకోకండి."

తెరిచే ఉంచానని నా ఉద్దేశం.

నవంబరు 1

ఎర్రకారు సంగతి నఫీసాకి చెప్పాను. ఆమె వెంటనే బండి పక్కకి ఆపించింది.

"కిందటేడాది వరదలో ఎన్ని కార్లు మునిగాయో మీకు తెలుసు కదమ్మా? అవన్నీ ఏమైనట్టు? కడిగి, ఆరబెట్టి, అమ్మకానికి పెట్టారు. కాళ్ళకింద పట్టా ఎత్తి చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. పైన ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉన్న బెల్టుకి బురద గీత ఉండిపోతుంది. మెకానిక్‌ని తీసుకెళ్ళండి."

మంచి అమ్మాయి. అయితే ఆమెకి ఏసుకుమార్ తెలియదు. మన సంఘం మనిషి. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి ముందు బెల్టు లాగి, పట్టా ఎత్తి చూస్తే ఏమనుకుంటాడు? దొంగని సోదా చేసినట్టు ఉండదూ? ఆ తర్వాత ప్రభురాత్రి భోజనం రోజున పక్కపక్కన ఎలా మోకరించాలి?

బాబీ చూస్తాడులే.

నవంబరు 8, శనివారం

బాబీ చూశాడు. స్పీకర్లన్నీ పనిచేస్తున్నాయి.

ఏసుకుమార్ ఆకివీడు రోడ్డులో తిప్పి చూపించాడు. చినుకులు పడితే అద్దాలెత్తి ఏసీ వేశాడు.

"పెద్దక్కా, చేపల వాసనేమిటి?" అన్నాడు బాబీ.

"కైకలూరులో చేపల వాసన కాక సంపెంగ వాసన వస్తుందా?" అన్నాను. ఏసుకుమార్ గట్టిగా నవ్వాడు, అవసరానికి మించి.

ధర ఇంత తక్కువెందుకని అడిగాను.

"మీరు సేవలో ఉన్నవారు కదండీ. మీ దగ్గర లాభం చూసుకుంటే నాకు నిద్రపడుతుందాండీ?"

ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళున్నారు. మాట ఇచ్చేశాను. 22న కారు తాడేపల్లిగూడెం తీసుకొస్తాడు. కెజియా కూర్చుని చూశాక కాగితాలు. మా ఊరి పాస్టరు కృపానందంగారు కూడా అందులోనే వచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు.

నవంబరు 9

కెజియా అద్దం ముందు నిలబడి వేలం గొంతు సరిచూసుకుంటోందని వాళ్ళ పక్కింటివాళ్ళు ఫోనులో చెప్పారు. పండుగకి జరీ అంచు చీర తీసి ఇస్త్రీ చేయించిందట.

నవంబరు 14

వాన. పుల్ల తీసి చూశాను. ఎండితే పుల్లలు కుదించుకుపోతాయా, పెరుగుతాయా? బాబీని అడిగితే ఫోనులో వెతికాడు. చెప్పలేదట.

నవంబరు 20

నిద్ర సరిగ్గా లేదు. చిత్తం అంటే చిత్తమే. కొంగ తనంతట తను వచ్చి వాలింది. నేను పిలవలేదు.

నవంబరు 22, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి ఎర్రకారు కెజియా ఇంటి ముందు ఆగింది. తళతళలాడుతోంది. బానెట్‌కి బంతిపూల దండ. వెనక అద్దం మీద 'ప్రభువు నా తోడు' అని కొత్తగా అంటించారు. పాస్టరుగారు దిగి ముక్కు రుమాలుతో తుడుచుకుని, మళ్ళీ ముక్కు దగ్గరే ఉంచుకున్నారు. జలుబేమో అనుకున్నాను.

కెజియా గుమ్మం దాటింది. రెండు నెలల తర్వాత. వీధిలోవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. తను కారుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, "బాగుంది పెద్దక్కా. నీ రంగే" అంది.

నాకు రంగు పట్టింపు లేదని ఆమెకి ఎన్నిసార్లు చెప్పాలి?

ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, నెమ్మదిగా కూర్చోబెట్టాం. కూర్చుంది. ఆపరేషన్ కాలు బాబీ పట్టుకుని లోపల పెట్టాడు.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు పాస్టరుగారు. కృపానందంగారి ప్రార్థన మామూలుగా ఆదాము దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత వాహనాలన్నిటి గురించి, ఓడ గురించి, రథాల గురించి. నేను కళ్ళు మూసుకున్నాను. మధ్యలో సీటులోంచి సన్నగా ఒక నిట్టూర్పులాంటి చప్పుడు వచ్చింది. కెజియా స్తోత్రిస్తోందనుకున్నాను.

"ఆమేన్" అన్నారు. కళ్ళు తెరిచాను.

కెజియా అరచెయ్యి మందం కిందికి దిగిపోయింది. సీటు స్పాంజి నలిగిన ఇడ్లీలా అయింది. మోకాళ్ళు పైకి వచ్చాయి.

తుంటి మోకాలికంటే కిందికి దిగకూడదు.

బాబీ లేపబోతే "ఆగు!" అని అరిచాను. నేను అరవడం వాడు పుట్టాక ఎప్పుడూ వినలేదు. చెయ్యి పట్టి లాగితే కీలు తిరిగిపోవచ్చు. ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోను చేశాను. లాగొద్దు, సీటు వెనక్కి వాల్చి, కాలు చాపి, కింద గట్టిది ఏదైనా దోపి జరపమంది. పక్కింటివాళ్ళు ఇస్త్రీ బల్ల తెస్తామని పరుగెత్తారు.

కెజియా మాత్రం కదలకుండా కూర్చుంది. నన్ను చూసింది. నా మొహం ఎలా ఉందో మరి.

"భయపడకు పెద్దక్కా. నొప్పి లేదు. ఇరుక్కున్నాను, అంతే." తర్వాత ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి. "ఏమిటే ఇది? మన చెరువు వాసన!"

"మనింటి వాసన" అన్నాను.

"మనింట్లోకి చెరువొచ్చిన ఏడాది వాసన" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాది కొల్లేటి నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. నీళ్ళు తీశాక బొంతలు, పరుపులు గట్టుమీద ఆరబెట్టాం. నెలదాకా ఆ వాసన పోలేదు. అమ్మ తడి కొంగుతో నా తల తుడిచింది అప్పుడే.

కెజియా సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఆమె కొంచెం భారీ మనిషి, బెల్టు చివరిదాకా వస్తే తప్ప సరిపోదు. వచ్చింది, వచ్చింది, చివరి జానెడూ బయటికి వచ్చింది. అది బెల్టు రంగులో లేదు. ఎండిన బురద. దానికి అతుక్కుని పీచులాంటి నాచు.

అందరం ఏసుకుమార్ వైపు చూశాం.

"మునగలేదండీ" అన్నాడు.

కెజియా బెల్టుకున్న నాచు గిల్లి అతనికి చూపించింది.

"తడిసిందండీ."

"ఎంతవరకు?" అన్నారు పాస్టరుగారు రుమాలులోంచి.

"సీటు దాకా అండీ... ఒక్క నాలుగు రోజులే నిలిచిందండీ."

అప్పుడు కెజియా గొంతు సవరించుకుంది. ఆ సవరించుకోవడం నాకు తెలుసు. అది విన్నాక మా ఊళ్ళో కోళ్ళు కూడా సర్దుకుని నిలబడతాయి. కూర్చున్నచోటినుంచే, ఎత్తలేని మోకాళ్ళతో, ఆ గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది.

"రండి బాబూ రండి! దేవుని మందిరానికి కానుకగా వచ్చిన ఎర్రకారు! నాలుగు చక్రాలు, ఆరు స్పీకర్లు, అరబస్తా బురద! డాక్టరుగారు ఆదివారమే నడిపారు, మిగతా వారమంతా ఈత కొట్టించారు! లోపల నేనూ ఉన్నాను, నాతో కలిపే పాడుకోవాలి! ఎవరండీ మొదటి పాట?"

బాబీ ముందు నవ్వాడు. తర్వాత వీధంతా. ఎవరో మేడమీదనుంచి "రెండు రొయ్యలు!" అని పాడారు. "రెండు రొయ్యలు ఒకటోసారి! ఇంత పెద్ద వీధిలో అంతేనా అండీ? ఏసుకుమార్ గారూ, మీరేమన్నా పాడతారా?" ఏసుకుమార్ బంతిపూల దండ వెనక దాక్కోడానికి చూశాడు. అది అంత పెద్దది కాదు.

మూడోసారి అనేలోపు ఇస్త్రీ బల్ల వచ్చింది. సీటు వాల్చి, బల్ల కిందికి దోపి, దుప్పటి వేసి, కాలు తిన్నగా ఉంచి, అంగుళం అంగుళం జరిపాం. ఏసుకుమారే ఎక్కువ బరువు పట్టాడు. అది కూడా రాయాలి. కెజియా చేతికర్ర మీద నిలబడింది. పదడుగులు నడిచి చూపించింది. కీలు కదల్లేదు. స్తోత్రం. స్తోత్రం.

తుంటికి ఎక్స్‌రే తీయించాకనే నేను మంచినీళ్ళు తాగాను.

ఎర్రకారు వెళ్ళిపోయింది. పిల్లి ఒకటి వీధి మలుపుదాకా దాని వెనకే వెళ్ళింది.

నవంబరు 23

నాకు కోపం రాలేదు.

నవంబరు 23, మధ్యాహ్నం

వచ్చింది. ఏసుకుమార్ మీద కాదు.

పుల్ల మొదటిరోజే చెప్పింది. నేనే దాని నోరు విరిచాను.

నవంబరు 25

పండుగకి ఇంకా దారి కనబడలేదు. కెజియా ఫోనులో, "ఫర్వాలేదులే పెద్దక్కా, బాలస్వామిగారికి బెల్లం, మిరియాలు పంపించు, గొంతు బాగుపడుతుంది" అంది. జోకే. ఆఖర్న గొంతు తగ్గింది. ఇస్త్రీ చేసిన చీర మళ్ళీ బీరువాలో పెట్టేసిందట.

నవంబరు 26

క్లాసుకి వెళ్ళాను. జరిగినదంతా నఫీసాకి చెప్పాను. ఆమె 'నేను చెప్పలేదామ్మా' అనలేదు. అంత పెంపకం ఉన్న పిల్ల. డాష్‌బోర్డు మీద తల ఆన్చి, భుజాలు కదిలేలా నవ్వింది. అంతే.

దిగేటప్పుడు వెనక తలుపు తెరిచి ఉంది. ఆ సొట్టల తెల్లకారులో వెనకసీటు కుర్చీలా నిటారుగా ఉంటుంది. ఎన్నాళ్ళుగా ఎక్కి దిగుతున్నాను, ఒక్కసారి చూడలేదు. అది ఎర్రగా లేదు మరి.

సంచిలోంచి పుల్ల తీశాను. పాటల పుస్తకంలోంచి ముక్క తీశాను. రెండూ దారంతో కట్టి నిలబెట్టాను. సరిగ్గా సీటు అంచుకి వచ్చింది. ఈసారి ఏ చివరా విరవలేదు. చేత్తో సీటు నొక్కాను. పట్టా ఎత్తాను. బెల్టు చివరిదాకా లాగాను.

"ఏవమ్మా, నా కారు కొంటారా?" అంది నఫీసా.

"ఏమీ అనుకోకమ్మా."

"అనుకోవడానికేముందమ్మా, చూడాల్సింది చూశారు. ఆదివారం క్లాసులుండవు. చెల్లెమ్మగారిని నేనే తీసుకొస్తాను."

మొదట ఫిజియోథెరపీ అమ్మాయిని అడగాలి. కెజియాని కూర్చోబెట్టి చూడాలి. మాట ఇవ్వలేదు.

నవంబరు 30, ఆదివారం

నఫీసా తెల్లకారు తాడేపల్లిగూడెం తెచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఎదురుగానే కెజియా కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. సీటు కుంగలేదు. కారు దిగమంటే, "ఉండండి, గాలి బాగుంది" అంది. పాస్టరుగారిని పిలవలేదు. ప్రార్థన నేనే చేశాను, కళ్ళు తెరిచి.

డిసెంబరు 7, ఆదివారం

తెల్లవారుజామునే బయల్దేరాం. వెనక కెజియా, జరీ అంచు చీర, దిండు, పక్కన బాబీ. గంటకోసారి దింపి నడిపించమన్నారు. ఉండి ఊరి దగ్గర ఒకసారి ఆపి నడిపించాం. రోడ్డుకి రెండు వైపులా కోసిన చేలు, చెరువుల మీద మంచు. కెజియా అద్దానికి నుదురు ఆన్చి చూస్తూ కూర్చుంది.

ఆకివీడు దాటాక నఫీసా దిగి పక్కసీటుకి మారి, "ఇక మీ ఊరు మీరే తీసుకెళ్ళండమ్మా" అంది. నడిపాను. ఎల్ బోర్డుతోనే. ఎదురుగా బాతులమంద వస్తే హారన్ కొట్టాను. బాతులు తప్పుకున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ నాకీ సంగతి చెప్పలేదు.

చర్చి ముందు ఆపేసరికి బాలస్వామిగారు వేలం బల్ల దగ్గర గొంతు సవరించుకుంటున్నారు. కెజియా దిగడం చూసి చేతిలో ఉన్న కోడిని వెంటనే ఆమెకి ఇచ్చేశారు. ఆయన మొహంలో అంత ఆనందం ఎప్పుడూ చూడలేదు.

కెజియాకి ఎత్తు కుర్చీ వేశారు. ఒక్క గంటలో అన్నీ అమ్మేసింది. ఏసుకుమార్ జనం వెనక నిలబడి ఉంటే వదల్లేదు.

"ఏసుకుమార్ గారూ, గుమ్మడికాయ! తడిసింది కాదండీ, పొడిది!"

పాడుకున్నాడు పాపం, ఎక్కువకే. తర్వాత నా దగ్గరికొచ్చి "క్షమించండి అక్కగారూ" అన్నాడు. క్షమించాను. కాగితాల్లో వరద సంగతి రాయకుండా ఆ కారు ఇంకెవరికీ అమ్మనని పాస్టరుగారి ముందు చెప్పించాను. ఈసారి మర్యాదకి పోలేదు.

అంతా అయ్యాక కెజియా నా సంచిలో చెయ్యి పెట్టి పుల్ల తీసింది.

"ఆఖరి కానుక! మా పెద్దక్క కారు కొలిచిన చీపురుపుల్ల! మధ్యలో దారం ఎందుకుందో అక్కనే అడగాలి, లేదా దేవుణ్ణి!"

అందరూ నన్ను చూశారు. బాబీ పాడాడు. నఫీసా పాడింది. నేను ఇద్దరికంటే ఎక్కువ పాడి తెచ్చుకున్నాను.

డిసెంబరు 8

కెజియాకి గొంతు పోయింది. ఫోనులో గుసగుసలాడుతోంది. సంతోషంగా ఉంది.

కారు ఇంకా కొనలేదు. తొందర లేదు. ఈసారి పుల్లని కాదు, కెజియానే తీసుకెళ్తాను. మెకానిక్‌ని నఫీసా చూస్తానంది. పట్టాలు ఎత్తే పని, బెల్టులు లాగే పని నాది. వాసన చూసే పని బాబీది.

రంగు ఏదైనా ఒకటే. ఎరుపుంటే చెప్పమన్నాను, అంతే.